స్వీడన్ పూర్వీకుల్ని పాత చర్చి పుస్తకాల్లో వెతకడం ఎలా: మొదటి పేరు నుంచి 1700ల దాకా

"మా కోడలి ముత్తాత స్వీడన్ నుంచి అమెరికా వచ్చాడట. ఏ ఊరో, వాళ్ల వాళ్లెవరో ఎలా తెలుసుకోవాలి?" మిన్నెసోటా, ఇల్లినాయ్ వైపు స్థిరపడ్డ తెలుగువాళ్ల నుంచి ఇలాంటి ప్రశ్న తరచుగా వస్తోంది. మనవలకి నాన్న వైపు చరిత్ర చెప్పగలుగుతున్నారు, అమ్మ వైపు చెప్పలేకపోతున్నారు. స్టాక్‌హోమ్‌లో స్థిరపడ్డవాళ్లూ ఇదే అడుగుతున్నారు.

ఈ పనికి స్వీడిష్ భాష బాగా రావాల్సిన అవసరం లేదు. ఓ యాభై మాటలు, కొన్ని గుర్తులు పట్టుబడితే చాలు. రికార్డుల్లో చాలాభాగం ఇంట్లో కూర్చునే ఉచితంగా చూడొచ్చు.

అయితే ఒక నియమం మాత్రం తప్పకూడదు. మీరు వెతుకుతున్న మనిషిని ఒక్క ఏడాది కూడా వదలకుండా, పుస్తకం నుంచి పుస్తకానికి, పేజీ నుంచి పేజీకి వెంబడించాలి. జనన రికార్డు నుంచి నేరుగా ఇంకో జనన రికార్డుకి దూకేవాళ్లే దారి తప్పుతారు. కింద చెప్పే పద్ధతంతా ఆ దూకుడు లేకుండా నడవడం కోసమే.

1. ముందు ఇంట్లో ఉన్నవన్నీ పోగేయండి

స్వీడన్ రికార్డులు పేర్ల వరసలో ఉండవు, పారిష్‌ల వరసలో ఉంటాయి. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ల గుంపు. స్వీడిష్‌లో 'సొకెన్' అనీ 'ఫర్‌సమ్లింగ్' అనీ అంటారు. పారిష్ పేరు తెలియకుండా పుస్తకం తెరవలేరు.

అందుకే మొదటి పనంతా మూడు సంగతుల కోసం: పూర్తి పేరు, రోజుతో సహా పుట్టిన తేదీ, పుట్టిన పారిష్. వీటి కోసం ఎక్కడెక్కడ చూడాలంటే:

- కుటుంబ బైబిల్ మొదటి, చివరి పేజీలు
- పాత ఉత్తరాలు, వాటి కవర్ల మీద పోస్టు ముద్రలు
- పాత ఫొటోల వెనక స్టూడియో పేరు, దాని కింద ఉండే పట్టణం పేరు
- సమాధి రాళ్లు, స్థానిక పత్రికల్లో వచ్చిన మరణ వార్తలు
- అమెరికా మరణ ధ్రువపత్రం, పౌరసత్వ కాగితాలు
- అమెరికాలోని స్వీడిష్ లూథరన్ చర్చి సభ్యుల పుస్తకం

ఈ చివరిది అన్నిటికన్నా విలువైనది. వలస వచ్చినవాళ్లు తమ ఊరి పాస్టర్ ఇచ్చిన వలస పత్రం తెచ్చి కొత్త చర్చిలో చూపించేవాళ్లు. అక్కడి పాస్టర్ దాన్ని చూసి పుట్టిన తేదీ, పారిష్ ఎక్కించేవాడు. చదివిందీ స్వీడిష్‌వాడే, రాసిందీ స్వీడిష్‌వాడే కాబట్టి ఊరి పేరు పెద్దగా పాడయ్యేది కాదు. అమెరికా ప్రభుత్వ కాగితాల్లో చాలాసార్లు "స్వీడన్" అని ఒక్క మాటే ఉంటుంది. ఇల్లినాయ్‌లోని రాక్ ఐలాండ్‌లో, అగస్టానా కాలేజీలో ఉన్న స్వెన్సన్ సెంటర్ ఇలాంటి చర్చి రికార్డుల్ని భద్రపరుస్తోంది. ఊరు తెలియనివాళ్లు మొదట అక్కడ అడగడం మంచిది.

పేరు అమెరికాలో మారి ఉంటుందని గుర్తుంచుకోండి. ఇక్కడి జాన్సన్ స్వీడన్ పుస్తకాల్లో యోహాన్సన్ కావచ్చు, నెల్సన్ నీల్సన్, స్వాన్సన్ స్వెన్సన్, బెన్సన్ బెంగ్ట్‌సన్ కావచ్చు. చార్లెస్ చాలావరకు కార్ల్.

2. పారిష్ తెలియకపోతే ఎలా తేల్చాలి

ఇంట్లో ఏమీ దొరకలేదని ఆగిపోకండి. ఈ వరసలో ప్రయత్నించండి.

మొదటిది, వలస జాబితాలు. 1850ల నుంచి 1930 దాకా పన్నెండు లక్షల మందికి పైగా స్వీడన్ వదిలి వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది గోథెన్‌బర్గ్ రేవులో ఓడెక్కి ఇంగ్లండ్‌లోని హల్‌లో దిగి, రైల్లో లివర్‌పూల్ చేరి, అక్కడి నుంచి అమెరికా వెళ్లారు. గోథెన్‌బర్గ్ పోలీసులు 1869 నుంచి రాసిన ప్రయాణికుల జాబితాల్లో పేరు, వయసు, సొంత పారిష్, వెళ్లే చోటు ఉంటాయి. వీటి నుంచి తయారైన డేటాబేస్ పేరు ఎమిహామ్న్. పాస్టర్లు రాసిన వలస వివరాల నుంచి తయారైంది ఎమిబాస్. రెండూ పేరుతో వెతకడానికి వీలైనవే.

రెండోది, జనాభా లెక్కలు. స్వీడన్ జాతీయ ఆర్కైవ్స్ అయిన రిక్స్‌ఆర్కీవెట్ సైట్‌లో 1880, 1890, 1900, 1910 లెక్కలు పేరు, పుట్టిన ఏడాది, పుట్టిన పారిష్‌తో వెతకొచ్చు. మీ మనిషి 1868లోనే వెళ్లిపోయాడనుకోండి, 1880లో ఆయన దొరకడు. ఆయన అమ్మానాన్నలో, తమ్ముళ్లో దొరకొచ్చు. చాలామంది మర్చిపోయే దారి ఇది.

మూడోది, స్వీడన్ వంశ పరిశోధకుల సమాఖ్య తయారుచేసే మరణాల సూచిక. 'స్వేరియెస్ డూద్‌బూక్' అంటారు. ఊళ్లోనే ఉండిపోయిన తోబుట్టువుల్ని పట్టుకోవడానికి బాగా పనికొస్తుంది.

పారిష్ పేరు దొరికాక ఇంకో జాగ్రత్త ఉంది. ఒకే పేరుతో చాలా పారిష్‌లున్నాయి. ల్యుంగ్‌బీ అనే పేరు క్రోనోబెర్గ్ జిల్లాలో ఉంది, కల్మార్ జిల్లాలో ఉంది, హల్లాండ్‌లోనూ ఉంది. జిల్లా పేరు, అంటే 'లేన్', తేలేదాకా పని మొదలుపెట్టకండి. పారిష్ పేరని మీరు అనుకుంటున్నది అసలు పొలం పేరో, దగ్గరి రైల్వే స్టేషన్ పేరో కూడా కావచ్చు. మ్యాప్‌లో చూసి నిర్ధారించుకోండి.

3. రికార్డులు ఎక్కడ చూడాలి

రిక్స్‌ఆర్కీవెట్ తన స్కాన్‌లని 2018 నుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది. వీటిలో చాలావరకు పాత మైక్రోఫిల్మ్ నుంచి తీసిన నలుపు తెలుపు చిత్రాలు. ఆర్కివ్‌డిజిటల్ అనే ఇంకో సైట్ చందా కట్టి వాడేది. పుస్తకాల్ని కొత్తగా రంగుల్లో ఫొటో తీసి పెట్టారు. సిరా వెలిసిపోయిన పేజీలు, పక్క పేజీ రాత అవతలికి దిగిపోయిన పేజీలు రంగుల్లో ఎంత తేలిగ్గా చదవొచ్చో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

నా సలహా: మొదట ఉచితంగా మొదలుపెట్టండి. ఎక్కువ వెతకాల్సి వచ్చినప్పుడు ఒక నెలకి మాత్రం చందా కట్టండి.

ఫ్యామిలీసెర్చ్, మైహెరిటేజ్ లాంటి చోట్ల పేరుతో వెతికే సూచికలు ఉన్నాయి. వాటిని ఆచూకీకి మాత్రమే వాడండి. అక్కడ ఇతరులు కట్టిన వంశవృక్షాల్ని, అసలు పేజీ చూడకుండా, ఎక్కించుకోవద్దు. ఒకరి తప్పు యాభై చెట్లలోకి పాకి, అందరూ రాశారు కాబట్టి నిజమేనన్నట్టు కనిపిస్తుంది.

4. ఏ పుస్తకంలో ఏముంటుంది

చర్చి పుస్తకాలకి అక్షరాల గుర్తులు ఉంటాయి. పారిష్ పేరు వెతికి, చర్చి ఆర్కైవ్ తెరిస్తే ఈ అక్షరాల జాబితా కనిపిస్తుంది.

- 'ఏ' పక్కన రోమన్ ఒకటి: ఇంటింటి పరీక్ష పుస్తకం, స్వీడిష్‌లో 'హుస్‌ఫర్‌హర్స్‌లెంగ్డ్'
- 'ఏ' పక్కన రోమన్ రెండు: 1895 నుంచి దాని బదులు వచ్చిన సంఘ పుస్తకం
- 'బి': పారిష్‌లోకి వచ్చినవాళ్లు, వెళ్లినవాళ్లు
- 'సి': జననాలు, బాప్తిస్మాలు
- 'డి': మతదీక్ష తీసుకున్న పిల్లలు, కమ్యూనియన్ (ప్రభు భోజనం) హాజరు
- 'ఇ': పెళ్లి ప్రకటనలు, పెళ్లిళ్లు
- 'ఎఫ్': మరణాలు, అంత్యక్రియలు
- 'హెచ్': ఇంకో పారిష్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన పత్రాలు

వీటిలో ప్రాణం మొదటిది. పాస్టర్ ఏటా పారిష్ జనాన్ని కూర్చోబెట్టి చదవడం వచ్చా, మత ప్రశ్నోత్తరాలు వచ్చా అని పరీక్ష పెట్టేవాడు. దానికోసం ప్రతి పొలం, ప్రతి ఇల్లు, ఇంట్లో ఉన్న ప్రతి మనిషి పేరూ ఒక పుస్తకంలో రాసుకునేవాడు. ఒక్కో పుస్తకం సుమారు ఐదు నుంచి పదేళ్ల పాటు నడిచేది. పుట్టినా, చచ్చిపోయినా, పెళ్లయినా, ఊరు మారినా అందులోనే గుర్తు పెట్టేవాడు. అంటే ఒక కుటుంబం పదేళ్ల జీవితం ఒకే పేజీలో దొరుకుతుంది.

1686 నాటి చర్చి చట్టం ఈ పుస్తకాలన్నీ తప్పనిసరి చేసింది. కానీ అన్ని చోట్లా వెంటనే మొదలు కాలేదు. దలార్నా, వెస్ట్‌మన్‌లాండ్ వైపు బాగా పాతవి ఉన్నాయి. దక్షిణాన స్కోనేలో ఇంటింటి పరీక్ష పుస్తకాలు చాలా పారిష్‌లకి 1800ల మొదట్లో గానీ దొరకవు. మీ పారిష్‌కి ఏవి, ఏ ఏడాది నుంచి ఉన్నాయో ముందే ఒక కాగితం మీద రాసుకోండి. లేని పుస్తకం కోసం గంటలు పోకుండా ఉంటాయి.

5. పాత రాత చదవడం అలవాటు చేసుకోండి

1800ల మధ్య నుంచి రాత మనకి తెలిసిన రోమన్ లిపిలోనే ఉంటుంది. అంతకుముందు జర్మన్ పద్ధతి గొలుసుకట్టు రాత. అందులో చిన్న 'ఈ' అక్షరం 'ఎన్' లా, పొడవాటి 'ఎస్' అక్షరం 'ఎఫ్' లా కనిపిస్తాయి. 'యు' మీద చిన్న వంపు గీత ఉంటుంది, 'ఎన్' మీద ఉండదు.

నేరుగా 1740ల పేజీ తెరిస్తే భయం వేస్తుంది. కొత్త రాత నుంచి పాత రాతకి మెల్లగా వెళ్లండి. మీరు వెనక్కి నడుస్తున్న కొద్దీ ఎలాగూ అదే క్రమంలో వెళ్తారు. ఒక పాస్టర్ రాత అర్థం కాకపోతే, అదే పేజీలో మీకు ముందే తెలిసిన మాటలు, అంటే నెలల పేర్లు, పొలాల పేర్లు, ఆండర్స్, పేర్ లాంటి మామూలు పేర్లు పట్టుకోండి. వాటి నుంచి ఆయన ఒక్కో అక్షరం ఎలా రాస్తాడో కాగితం మీద దించుకోండి. ఆ పట్టికతో మిగతాది కూడబలుక్కోవచ్చు.

మళ్లీ మళ్లీ వచ్చే మాటలు ఇవి:

- బోండె: రైతు
- టోర్‌పారె: పెద్ద పొలం అంచున చిన్న కమతం తీసుకుని, బదులుగా పని చేసే రైతు
- డ్రెంగ్: పాలేరు; పీగా: పనమ్మాయి
- హుస్ట్రు: భార్య, ఎంకా: వితంతువు
- సోన్: కొడుకు, డోట్టెర్: కూతురు
- ఇన్‌హీసెస్: ఇంకొకరి ఇంట్లో తలదాచుకున్నవాళ్లు

వీటిని ఒకటి రెండు అక్షరాలకి కుదించి రాస్తారు. కూతురికి 'డి' రాసి పక్కన రెండు చుక్కలు పెట్టడం మామూలే.

అక్షర క్రమం విషయంలో ఒక మాట. స్వీడిష్‌లో పైన సున్నా గానీ చుక్కలు గానీ ఉన్న మూడు అక్షరాలు (å, ä, ö) ఉన్నాయి. అవి అక్షరమాల చివర వస్తాయి. సూచికలో ఊరు కనపడకపోతే చివరి పేజీల్లో చూడండి.

6. మొదటి పేజీని గడి గడిగా చదవండి

ఊహకి ఒక పేజీ అనుకుందాం. దక్షిణ స్వీడన్‌లోని స్మోలాండ్‌లో ఒక పారిష్, 1866 నుంచి 1870 దాకా నడిచిన ఇంటింటి పరీక్ష పుస్తకం. మీరు వెతుకుతున్నది యోహాన్ ఆండర్‌సన్.

పేజీ పైన పెద్ద అక్షరాల్లో పొలం పేరు. దాని కింద చిన్నగా కమతం పేరు. ఎడమ వైపు వరసగా మనుషులు: టోర్‌పారె ఆండర్స్ పేర్‌సన్, భార్య స్టీనా నీల్స్‌డోట్టెర్, కొడుకు యోహాన్, కూతురు కాయ్‌సా, కొడుకు కార్ల్. పిల్లల పేర్ల పక్కన ఆండర్‌సన్ అని ఉండదు. ఆండర్స్ కొడుకంటే ఆండర్‌సన్ అనీ, కూతురంటే ఆండర్స్‌డోట్టెర్ అనీ అందరికీ తెలిసిందే కాబట్టి పాస్టర్ రాయడు.

తర్వాతి గడుల్లో పుట్టిన ఏడాది 1846, పక్కన భిన్నంలా 14 పైన, 10 కింద. అంటే అక్టోబరు 14. దాని పక్క గడి పుట్టిన పారిష్. ఇక్కడ ఆగండి. పిల్లలందరికీ ఈ పారిష్ పేరే ఉండి, తల్లి స్టీనా పక్కన ఇంకో పారిష్ పేరు ఉందనుకోండి, ఆమె ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడే మీకు తెలిసిపోయింది. తర్వాతి తరానికి ఇదే దారి.

ఇంకా కుడికి వెళ్తే మశూచి టీకా గుర్తు, చదువు, ప్రశ్నోత్తరాల మార్కులు, కమ్యూనియన్ తేదీలు ఉంటాయి. చివర్లో ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్లారు అనే గడులు. యోహాన్ పేరు మీద అడ్డగీత ఉండి, చివరి గడిలో ఉత్తర అమెరికా అని, '68' అని ఉంటుంది. అడ్డగీత చూసి తప్పు రాసి కొట్టేశాడు అనుకోవద్దు. ఆ మనిషి ఈ పేజీ నుంచి వెళ్లిపోయాడని అర్థం: చనిపోయాడు, ఊరు మారాడు, లేదా ఇంకో పేజీకి ఎక్కాడు.

పేజీ దొరకగానే ఇవి చేయండి:

- పుస్తకం గుర్తు, ఏళ్లు, పేజీ నంబరు, చిత్రం నంబరు రాసుకోండి
- పొలం పేరు, కమతం పేరు ఉన్నది ఉన్నట్టు రాసుకోండి
- ఇంట్లో ఉన్న అందరి పేర్లు, తేదీలు, పారిష్‌లు రాసుకోండి, మీకు అక్కర్లేదనిపించినవాళ్లవి కూడా
- వచ్చిన, వెళ్లిన గడుల్లో ఉన్న అంకెలు అలాగే దించుకోండి
- పేజీ చిత్రాన్ని దాచుకోండి

అందరి పేర్లూ ఎందుకంటే, పాత రికార్డుల్లో యోహాన్ ఆండర్‌సన్‌లు ఒక్కో పారిష్‌లో పదిమంది ఉంటారు. తండ్రి ఆండర్స్, తల్లి స్టీనా, చెల్లెలు కాయ్‌సా, తమ్ముడు కార్ల్ ఉన్న యోహాన్ మాత్రం ఒక్కడే. కుటుంబం మొత్తమే ఆ మనిషికి గుర్తింపు కార్డు.

7. వెనక్కి నడవడం: ఈ పనికి గుండెకాయ

ఇప్పుడు అదే పొలం, అంతకుముందు పుస్తకం. 1861 నుంచి 1865 దాకా నడిచింది తెరవండి. పుస్తకం మొదట్లో గానీ చివర గానీ పొలాల సూచిక, పేజీ నంబర్లతో ఉంటుంది. కుటుంబం అక్కడే ఉంటే పని తేలిక. మళ్లీ వెనకటి పుస్తకం. ఇలా పిల్లలు ఒక్కొక్కరే మాయమవుతూ, తల్లిదండ్రులు పడుచువాళ్లవుతూ, చివరికి పెళ్లయిన కొత్త జంటగా మిగులుతారు. ఇంకో పుస్తకం వెనక్కి వెళ్తే భర్త తన తండ్రి ఇంట్లో కొడుకుగా ఉంటాడు. తరం మారింది.

కుటుంబం అక్కడ లేకపోతే, 'ఎక్కడి నుంచి' గడి చూడండి. అక్కడ రెండు రకాలుగా ఉంటుంది.

ఒట్టి అంకె ఉంటే, అదే పారిష్‌లో ఇంకో పేజీ. అది ఈ పుస్తకంలో పేజీయో, వెనకటి పుస్తకంలో పేజీయో రెండూ చూడాలి. ఇలా పారిష్ లోపలే మారినవాళ్లు 'బి' పుస్తకంలో ఉండరు. చాలామంది అక్కడ వెతికి, లేరని వదిలేస్తారు.

ఇంకో పారిష్ పేరు, ఏడాది ఉంటే, 'బి' పుస్తకంలో ఆ ఏడాది చూడండి. పేరు, వరస నంబరు, వచ్చిన పారిష్, ఇంటింటి పుస్తకం పేజీ దొరుకుతాయి. తర్వాత ఆ రెండో పారిష్ 'బి' పుస్తకంలో వెళ్లినవాళ్ల వైపు తెరిచి, అదే మనిషి అక్కడ ఏ పేజీ నుంచి బయల్దేరాడో పట్టుకోండి. 'బి' పుస్తకం పోయిన చోట 'హెచ్' పత్రాలు ఆదుకుంటాయి.

పాలేర్లు, పనమ్మాయిల్ని వెంబడించడం కష్టం. వాళ్లు దాదాపు ఏటా యజమానిని మార్చేవాళ్లు. 1800ల్లో కొలువు ఏడాది అక్టోబరు 24తో ముగిసేది, ఆ వారంలోనే మారేవాళ్లు. ఒక అమ్మాయి పదేళ్లలో ఎనిమిది ఇళ్లు మారి ఉండొచ్చు. విసుగొచ్చినా ఒక్క ఇల్లు కూడా వదలొద్దు. మధ్యలో రెండేళ్లు వదిలేస్తే, అవతల దొరికిన అదే పేరు ఇంకో అమ్మాయిది కావచ్చు.

ప్రతి తరానికీ జనన పుస్తకం తెరిచి తేదీ సరిచూడండి. ఇంటింటి పుస్తకంలో తేదీ ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి కాపీ అయ్యేది, కాపీలో 6 కాస్తా 8 అవుతుంది. జనన పుస్తకంలో బిడ్డ పేరు, పుట్టిన రోజు, బాప్తిస్మం రోజు, తల్లిదండ్రులు, ఇల్లు, సాక్షులు ఉంటారు. చాలాచోట్ల తల్లి వయసు కూడా. సాక్షులుగా నిలబడ్డవాళ్లు ఎక్కువగా పెద్దనాన్నలో, పిన్నులో, పక్క పొలంవాళ్లో అయ్యుంటారు. వాళ్ల పేర్లూ రాసుకోండి. తర్వాత ఎక్కడైనా దారి మూసుకుపోతే ఆ పేర్లే పనికొస్తాయి.

8. పేర్ల తికమకలు

స్థిరమైన ఇంటిపేరు మామూలు జనానికి 1800ల చివరి దాకా లేదు. పేర్ కొడుకు ఆండర్స్ పేర్‌సన్, ఆయన కొడుకు యోహాన్ ఆండర్‌సన్. పెళ్లయినా ఆడవాళ్ల పేరు మారదు, స్టీనా నీల్స్‌డోట్టెర్ చనిపోయేదాకా నీల్స్‌డోట్టెరే. ఇది మీకు వరం. ఆమె తండ్రి నీల్స్ అని అడగకుండానే తెలిసిపోతుంది.

1800ల చివర్లో పట్టణాల్లో ముందుగా, పల్లెల్లో తర్వాత, తండ్రి పేరే ఇంటిపేరుగా గడ్డకట్టింది. అందుకే యోహాన్ ఆండర్‌సన్ కొడుకు యోహాన్సన్ కావచ్చు, ఆండర్‌సన్ కావచ్చు, అన్నదమ్ములిద్దరికీ చెరొక పేరూ ఉండొచ్చు. 1901లో ఇంటిపేర్ల మీద చట్టం వచ్చాక ఈ గందరగోళం తగ్గుతూ వచ్చింది.

సైనికుల పేర్లు ఇంకో చిక్కు. కొన్ని పొలాలు కలిసి ఒక సైనికుడిని పోషించే పద్ధతి ఉండేది. ఒకే దళంలో ముగ్గురు ఆండర్‌సన్‌లు ఉంటే కుదరదు కాబట్టి రాస్క్, మూదిగ్, స్టోల్, ఫ్రిస్క్ లాంటి పొట్టి పేరు ఇచ్చేవాళ్లు. ఆ పేరు చాలాసార్లు మనిషికి కాదు, ఆ స్థానానికి చెందేది. ఆయన తర్వాత వచ్చిన సైనికుడికీ అదే. కాబట్టి ఒకే కమతంలో వరసగా ఇద్దరు రాస్క్‌లు దొరికితే తండ్రీకొడుకులని రాసేయకండి. సైనికుడు దొరికితే మాత్రం సంతోషించండి. సైన్యం హాజరు పట్టీల్లో వయసు, పుట్టిన ప్రాంతం, ఎత్తు, ఎన్నేళ్లు పనిచేశాడు అన్నీ ఉంటాయి. పేరుతో వెతికే సైనికుల రిజిస్టరు కూడా ఉంది.

దలార్నాలో మాత్రం పొలం పేరు మనిషి పేరుకి ముందు వస్తుంది, మన ఇంటిపేరు లాగే. తేడా ఏమిటంటే, అల్లుడు భార్య పొలానికి వస్తే ఆ పొలం పేరే ఆయనదవుతుంది.

ముద్దుపేర్లూ తెలిసుండాలి. స్టీనా, క్రిస్టీనా, షెస్టిన్ ఒకరే కావచ్చు. కాయ్‌సా అంటే కాటరీనా, మాయా అంటే మరియా, బ్రీటా అంటే బిర్‌గిట్టా. యోహాన్, యోహానెస్, యాన్ కూడా ఒకే మనిషికి మూడు పుస్తకాల్లో మూడు రకాలుగా ఉండొచ్చు. స్పెల్లింగ్ తేడాని బట్టి ఎవరినీ కొట్టేయకండి.

అన్నిటికన్నా ఎక్కువమంది పడే గొయ్యి ఇది: ఒక బిడ్డ చిన్నప్పుడే చనిపోతే, తర్వాత పుట్టిన బిడ్డకి అదే పేరు పెట్టడం అప్పట్లో మామూలు. మీకు జనన పుస్తకంలో మొదట దొరికిన యోహాన్, మీ యోహాన్ కంటే ముందు పుట్టి పోయిన అన్న కావచ్చు. తేదీ కుదరకపోతే మరణాల పుస్తకం చూడండి, తర్వాతి రెండు మూడేళ్ల జననాలు కూడా చూడండి.

9. తేదీల్లో చిక్కులు

నెలల్ని కుదించి రాసేటప్పుడు అంకె 7 పక్కన 'బి', 'ఆర్' అక్షరాలుంటే అది జులై కాదు, సెప్టెంబరు. అలాగే ఆ అక్షరాలతో 8 ఉంటే అక్టోబరు, 9 అంటే నవంబరు, 10 లేదా రోమన్ పది అంటే డిసెంబరు.

పాత పుస్తకాల్లో తేదీ బదులు చర్చి పండగ పేరు రాస్తారు. ట్రినిటీ తర్వాత మూడో ఆదివారం అంటే, ఈస్టర్ తర్వాత పదకొండు వారాలకి వచ్చే ఆదివారం. ఇది లెక్కకట్టడానికి స్వీడన్ కోసం చేసిన క్యాలెండర్ పట్టికే వాడండి. 1740 నుంచి 1844 దాకా స్వీడన్ ఈస్టర్‌ని ఖగోళ గణితం ప్రకారం నిర్ణయించింది, కొన్ని ఏళ్లలో అది మిగతా దేశాలతో కలవదు. 1753లో ఫిబ్రవరి 17 తర్వాతి రోజు మార్చి 1. 1712లో ఫిబ్రవరి 30 ఉంది. అలాంటి తేదీ కనిపిస్తే పాస్టర్ పొరపాటు అనుకోకండి.

మరణ పుస్తకంలో వయసు ఏళ్లు, నెలలు, రోజుల్లో ఉంటే బంగారమే. 1843 మార్చి 12న చనిపోయింది, వయసు 67 ఏళ్ల 4 నెలల 9 రోజులు అనుకోండి. ముందు ఏళ్లు తీసేస్తే 1776 మార్చి 12. నెలలు తీసేస్తే 1775 నవంబరు 12. రోజులు తీసేస్తే 1775 నవంబరు 3. జనన పుస్తకంలో ఆ తేదీకి అటూ ఇటూ వారం చూడండి. పుట్టిన రోజుకీ బాప్తిస్మానికీ తేడా సాధారణంగా వారం లోపే, పాత పుస్తకాల్లో బాప్తిస్మం తేదీ ఒక్కటే ఉంటుంది.

10. దారి మూసుకుపోతే

పాస్టర్ ఇల్లు తగలబడి పుస్తకాలు పోయిన పారిష్‌లు ఉన్నాయి. తండ్రి పేరు లేని పిల్లలు ఉన్నారు. అప్పుడు ఇవి చూడండి.

ఆస్తి జాబితా: 1734 చట్టం ప్రకారం మనిషి పోయాక మూడు నెలల్లో ఆస్తి, అప్పుల జాబితా రాసి కోర్టులో ఇవ్వాలి. అందులో వారసులందరి పేర్లు, చిన్నపిల్లల వయసులు, కూతుళ్ల భర్తలు ఉంటారు. నిరుపేదలకి ఇది చాలాసార్లు ఉండదు. పిల్లల్లేని పెదనాన్నదో మేనత్తదో దొరికితే వదలకండి. వారసులుగా అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు అందరూ ఒకే కాగితంలోకి వస్తారు. అమెరికా వెళ్లిపోయినవాళ్ల పేరూ అక్కడే కనిపించొచ్చు.

పన్ను జాబితాలు: 1640ల నుంచి ఉన్నాయి. ఇంటి యజమాని పేరే ఎక్కువ, అయినా ఫలానా పొలంలో ఎవరున్నారో ఏడాది ఏడాదికీ తేల్చొచ్చు.

తండ్రి పేరు లేకపోతే: జనన పుస్తకం అంచుల్లో, ఇంటింటి పుస్తకం చివరి గడిలో, జిల్లా కోర్టు తీర్పుల్లో వెతకాలి. బిడ్డ పోషణ ఖర్చు కోసం తల్లి దావా వేసి ఉంటే తండ్రి పేరు అక్కడ ఉంటుంది. 1778 నుంచి పెళ్లికాని తల్లికి తన పేరు చెప్పకుండా ప్రసవించే హక్కు ఉండేది. తల్లి తెలియదు అని రాసి ఉంటే ఇదే కారణం కావచ్చు. ఇలాంటి సంగతి కుటుంబానికి చెప్పేముందు, వాళ్లకి వినాలని ఉందో లేదో అడగండి.

స్టాక్‌హోమ్ వాళ్లయితే: అక్కడ ఇంటింటి పుస్తకాలు పల్లెల్లోలా సాయపడవు. 1878 నుంచి 1926 దాకా నగరం వార్డుల వారీగా నడిపిన రూటెమాన్ రిజిస్టరు చూడండి.

11. స్వీడన్‌లో ఇప్పుడున్న బంధువుల కోసం

ఇది వెనక్కి కాదు, ముందుకి నడక. వలస వెళ్లని తమ్ముడినో చెల్లెలినో పట్టుకుని, పుస్తకం తర్వాత పుస్తకం ఇప్పటి వైపు రండి. సుమారు గత 70 ఏళ్ల రికార్డులు గోప్యత నిబంధనల వల్ల ఆన్‌లైన్‌లో ఉండవు. 1991 జులై 1 నుంచి జనాభా నమోదు చర్చి చేతి నుంచి పన్నుల శాఖ అయిన స్కాట్టెవెర్కెట్‌కి వెళ్లింది. అక్కడికీ, ప్రాంతీయ ఆర్కైవ్స్‌కీ ఈమెయిల్ రాయొచ్చు. స్మోలాండ్ రికార్డులు వాడ్‌స్టెనాలో, స్కోనేవి లుండ్‌లో ఉన్నాయి.

ఈమెయిల్ చిన్నగా ఉండాలి. మూడు పేజీల కుటుంబ కథ రాస్తే జవాబు ఆలస్యమవుతుంది. ఇవి ఉంటే చాలు:

- మనిషి పూర్తి పేరు, పుట్టిన తేదీ, పారిష్, జిల్లా
- మీకు చివరిగా దొరికిన పుస్తకం గుర్తు, పేజీ నంబరు
- అక్కడ రాసి ఉన్నది ఉన్నట్టు ఒక వాక్యం
- మీకు కావాల్సింది ఒకే ఒక ప్రశ్నగా
- ఆ మనిషికి మీ కుటుంబంతో చుట్టరికం
- రుసుము ఎంతవరకు కట్టగలరో

ఇంగ్లిష్‌లో రాసినా పర్వాలేదు, పొలం పేర్లు, పారిష్ పేర్లు మాత్రం చుక్కలు, సున్నాలతో సహా స్వీడిష్ స్పెల్లింగ్‌లోనే రాయండి. బంధువు చిరునామా దొరికితే మొదటి ఉత్తరంలోనే తాతల చిట్టా పంపకండి. యోహాన్ కుటుంబం ఉన్న ఆ ఒక్క పేజీ చిత్రం, అందులో వాళ్ల ముత్తాత ఎవరో, మీ కోడలి ముత్తాత ఎవరో గుర్తుపెట్టి పంపండి.